పంపు వాక్యానికి టీకా తాత్పర్యాలు

మూలం: “మోటారు నడుస్తానే ఉంది, పైన పంపులో నీళ్లు సన్నగొస్తున్నయి, బోరు పోయిందేమో!”

అవతారిక: మెదక్ సీమ కొల్చారం నుంచి వచ్చిన మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్యానం రాశాడు. కొత్తగూడెం డాబాల మీద రోజూ పుట్టే వాక్యాలకు ఆ అదృష్టం పట్టలేదు. అందుకే ఈ శ్రమ. వక్త ఇల్లాలు. స్థలం రెండంతస్తుల ఇల్లు. కాలం వైశాఖం. శ్రోత గృహస్థు, ఒంటినిండా సబ్బుతో ఉన్నాడు.

ప్రతిపదార్థం: మోటారు = బోరులోకి దింపిన సబ్‌మెర్సిబుల్; నడుస్తానే ఉంది = స్టార్టర్ డబ్బాలో లైటు వెలుగుతోంది (నీళ్లు తోడుతోందని అర్థం కాదు); పైన = ట్యాంకుకు అతి సమీపాన; సన్నగా = బకెట్టు నిండేలోపు ఓపిక నిండుకునేటట్టుగా; బోరు పోయిందేమో = సందేహార్థకం. ఈ ‘ఏమో’ మీదే బోరు బండ్లు ఊరూరా తిరుగుతున్నాయి.

అలంకారం: భ్రాంతిమంతం. ట్యాంకు చేసిన నేరం మోటారులో కనబడుతోంది గనుక.

తాత్పర్యం: పూర్వ వ్యాఖ్యాతలు మూడు మతాలవారు. మెకానిక్ మతంలో కెపాసిటర్ దోషం, పైపుల మేస్త్రీ మతంలో పైపు దోషం, బోరు బండి మతంలో భూమి దోషం. ఇంకో రెండొందల అడుగులు దిగితే మోక్షమని ఆఖరివారి సిద్ధాంతం. ముగ్గురూ ‘పైన’ అనే పదాన్ని చదవకుండా దాటేశారు. వాక్యానికి ప్రాణం అదే. మోటారు నీళ్లను డాబా మీద ట్యాంకులో పోయడంతో దాని బాధ్యత తీరింది. అక్కణ్నుంచి పంపులోకి నీటిని తోసేది ఎత్తు ఒక్కటే. పది మీటర్ల ఎత్తుకు చదరపు సెంటీమీటరు మీద సుమారు ఒక కిలో ప్రెషర్. కింది వంటింటి పంపు నీటిమట్టానికి 7 మీటర్ల దిగువన ఉంటే 0.7 కిలో దక్కుతుంది. పై అంతస్తు షవరు ఒకటిన్నర మీటరు దిగువనే ఉంటే 0.15. అది సన్నగా రాక ఏం చేస్తుంది?

శంక: ఐదొందల లీటర్ల సింటెక్స్ తీసేసి వెయ్యి లీటర్లది పెడితే?

సమాధానం: ఎక్కువసేపు వస్తాయి, గట్టిగా రావు. ట్యాంకు కింద మీటరు దిమ్మె కడితే 0.1 కిలో కలుస్తుంది. అదీ చాలదంటే ట్యాంకు దగ్గర చిన్న ప్రెషర్ పంపు బిగించుకోవలసిందే.

శంక: నిన్నటిదాకా బాగానే వచ్చాయే?

సమాధానం: ఎత్తు ఒక్క రాత్రిలో తగ్గదు, దారి పూడుతుంది. ఒక్క పంపులోనే సన్నగా వస్తే దాని మూతి జల్లెడ విప్పి కడగాలి. ఇల్లంతా అలాగే ఉంటే ట్యాంకు అడుగు మడ్డి, పైపులో గాలి, లేదా ఎవరో సగం తిప్పి మరిచిన గేట్‌వాల్వు. ఇక మొదటినుంచీ సన్నగానే వస్తుంటే వేరే సంగతి. అంగుళం పైపు వేయాల్సిన చోట మేస్త్రీ అర అంగుళం వేశాడా, దారి సగం కాదు, పావే మిగులుతుంది. ఈ పొదుపు గోడలో పూడ్చి సిమెంటు పూశాక బయటపడుతుంది.

విశేషం: బోరును అసలు ఎప్పుడు అనుమానించాలి? ట్యాంకు నిండటమే ఆలస్యమైనప్పుడు. అప్పుడైనా ముందు చూడవలసింది స్టార్టర్ డబ్బాలో ఆంపియర్ల ముల్లు. మామూలుకన్నా బాగా తగ్గి, నీళ్లు గాలితో కలిసి చీదుతూ వస్తుంటే నీటిమట్టం దిగిపోయినట్టు; మోటారు ఆపి బోరును ఊరనివ్వాలి. ముల్లు పెరిగితే పంపులో ఇసుక పట్టిందో, కరెంటు వోల్టేజీ పడిపోయిందో. వోల్టేజీ 230 నుంచి 180కి దిగితే మోటారు మొదలయ్యే బలం సుమారు అరవై శాతమే. ముల్లు సరిగానే ఉండి బోరులోంచి జలజల వినిపిస్తే లోపలి పైపు చిల్లుపడి, తోడిన నీళ్లు తోడినచోటికే పోతున్నాయి.

మరొక విశేషం, ఇది ఈ ఊరికే చెల్లింది. ఇక్కడ ప్రధాన కార్యాలయం ఉన్న సింగరేణి గనుల్లో ఊట నీళ్లను ఎప్పటికప్పుడు పైకి తోడి పోయకపోతే బొగ్గుపని సాగదు. ఒక మోటారు నీళ్లు వద్దని తోడుతుంది, ఒక మోటారు కావాలని తోడుతుంది. దీన్ని విరోధాభాసమనాలో, విధి అనాలో ఆలంకారికులు తేల్చాలి.

ఉపసంహారం: మూలంలోని ‘బోరు పోయిందేమో’ అప్రామాణికం. బోరు బండికి ఫోన్ చేసే ముందు ట్యాంకు మూత తీసి చూడండి. నిండుగా ఉంటే బోరు నిర్దోషి. కొత్త బోరే కావాలంటే 2002 నాటి వాల్టా చట్టం ఉంది, అనుమతి అడగండి. స్టార్టర్ డబ్బా విప్పేటప్పుడు మాత్రం మెయిన్ ఆపండి, తడి చేతులతో ముట్టకండి.