కొండెక్కే కరెంటు బస్సును నేను

నేను తిరుపతి–తిరుమల దారిలో తిరిగే ఆర్టీసీ కరెంటు బస్సును. పొడవు 9 మీటర్లు. 2022 సెప్టెంబరులో, బ్రహ్మోత్సవాల వేళ, అలిపిరి దగ్గర జెండా ఊపి మమ్మల్ని కొండకు పంపారు. తిరుపతికి ఇచ్చిన 100 బస్సుల్లో 50 మంది తోబుట్టువులం ఘాట్ రోడ్డుకు వచ్చాం. మిగతావాళ్లు రేణిగుంట విమానాశ్రయానికి, నెల్లూరు, కడప, మదనపల్లెలకు వెళ్లారు.

కొత్తలో అందరిదీ ఒకటే అనుమానం: "ఇంతమందితో ఇది కొండెక్కగలదా?" కానీ నా మోటారు కదిలిన క్షణం నుంచే పూర్తి బలంతో లాగుతుంది. అందుకే గోవింద నామాల మధ్య ఏ మలుపులోనూ రొప్పకుండా పైకి చేరుతున్నాను.

నా అసలు సత్తా తెలిసేది దిగేటప్పుడు. 1974లో వచ్చిన రెండో ఘాట్ రోడ్డు మీదుగా ఎక్కి, 1944 నాటి మొదటి ఘాట్ రోడ్డు మీదుగా దిగుతాను. డీజిల్ బండి దిగుతుంటే దాని శక్తి చాలావరకు బ్రేకుల దగ్గర, ఇంజనులో వేడిగా మారి గాలిలో కలిసిపోతుంది. నేను దిగుతుంటే చక్రాలే మోటారును తిప్పుతాయి, మోటారు జనరేటరుగా మారి బ్యాటరీకి కరెంటు పంపుతుంది. ఎక్కడానికి ఖర్చయినదంతా తిరిగి రాదు, కొంత గాలికీ రాపిడికీ పోతుంది. అయినా కొండకు ఇచ్చిన అప్పులో కొంత కొండే తిరిగిచ్చేస్తుంది.

ఈ దారికి రెండువైపులా ఉన్నది శేషాచలం అడవి. 2010లో దీన్ని జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. ఎర్రచందనం చెట్ల మధ్య నేను పొగ వదలను. అలిపిరి మెట్లెక్కి వచ్చి, మోకాళ్ల పర్వతం దగ్గర రోడ్డు పక్కన ఆయాసంతో నడిచే భక్తుల ముఖాన మసి కొట్టను. నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చేది ఇదే.

ఒక నిజం కూడా చెప్పాలి. నేను తాగే కరెంటులో చాలా భాగం ఇంకా బొగ్గు నుంచే వస్తోంది. ఎండ నుంచీ గాలి నుంచీ వచ్చే కరెంటు గ్రిడ్‌లో పెరిగేకొద్దీ, నాలో ఒక్క మర మార్చకుండానే నా ప్రయాణం మరింత శుభ్రమవుతుంది. డీజిల్ ఇంజనుకు ఆ అవకాశం లేదు. పైగా మన దేశం వాడే ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతిదే.

కారులో నలుగురు వస్తే నాలో ముప్పై మందికి పైగా కూర్చుంటారు. అందుకే భక్తులకు నా విన్నపం: ఈసారి స్వామి దర్శనానికి వచ్చినప్పుడు మీ కారు కొండ కిందే ఆపి, నాలో ఎక్కండి. ఏడుకొండల గాలిని కాపాడటం కూడా స్వామి సేవే.