బాపు దిగిన బాయి

ఇల్లందు దగ్గర 1871లో బొగ్గు కనిపెట్టింది కింగ్ దొర అని పుస్తకాల్లో ఉంటుంది. మా బాపు గోదావరిఖనిలో ఏ ఏడు బొగ్గుబాయి దిగాడో మాత్రం ఇంట్లోవాళ్ల నోటే వినాలి. ఆయన పోయాక ఆ మాటలన్నీ టాపిక్ మ్యాప్‌గా, అంటే విషయాలనూ వాటి మధ్య సంబంధాలనూ చూపే డేటాగా, కూర్చబోయి తెలివితక్కువ పని చేశాను.

మ్యాప్‌లో బాపు ఒక టాపిక్, ఆయన దిగిన బాయి, అంటే రెండో ఇంక్లైన్, ఇంకో టాపిక్. ‘పనిచేశాడు’ అన్నది ఆ రెంటి మధ్య అసోసియేషన్. మరి ఎప్పటి నుంచి, ఎవరు చెప్పారు అన్నవి ఎక్కడ రాయాలి? బాపు మీద రాస్తే కుదరదు. తర్వాత ఆయన పదకొండో ఇంక్లైన్‌కు మారాడు కాబట్టి ఏ ఏడు ఏ బాయిదో తేలదు. అందుకే రీఫికేషన్: ఆ సంబంధాన్నే ఒక టాపిక్‌గా నిలబెట్టి, దాని సంగతులు దానికే తగిలించడం. 2006 నాటి ఐఎస్‌ఓ 13250-2 నమూనాలో పేరుకు, అకరెన్స్‌కు (టాపిక్‌కు తగిలించిన సమాచారానికి), అసోసియేషన్‌కు, అందులోని పాత్రకు, మొత్తం మ్యాప్‌కు కూడా రీఫైయర్, అంటే అలా నిలబెట్టిన టాపిక్, ఉండొచ్చు. టాపిక్‌కు ఉండదు, అదెలాగూ టాపిక్కే. టాపిక్ మ్యాప్‌ల ప్రోగ్రామింగ్ ఇంటర్‌ఫేస్ టీఎంఏపీఐలో సెట్‌రీఫైయర్ అంటే చాలు. ఒకే టాపిక్‌ను రెండింటికి రీఫైయర్ చేయబోతే మాత్రం ఒప్పుకోదు.

అమ్మ చెప్పింది ఒక ఫైల్‌లో, చిన్నాయిన చెప్పింది ఇంకో ఫైల్‌లో రాశాను. రీఫైయర్లకే ‘అమ్మ మాట’, ‘చిన్నాయిన మాట’ అని పేర్లు పెట్టాను. అక్క పుట్టిన ఏడే బాపు బాయి దిగాడని అమ్మ లెక్క. అంతకుముందు నుంచే బదిలీ ఫిల్లర్‌గా, అంటే రానివాళ్ల బదులు పనికి, పోయేవాడని, మస్టర్ పడ్డ రోజే కూలి అని చిన్నాయిన మాట.

ఫైళ్లు కలిపాను. రెండు అసోసియేషన్లదీ ఒకే రకం, అవే పాత్రలు, అదే మనిషి, అదే బాయి. స్కోప్ (ఆ మాట ఏ సందర్భంలో చెల్లుతుందన్నది) ఖాళీ. నమూనా ప్రకారం అవి ఒక్కటయ్యాయి, వాటితోపాటు రీఫైయర్లూ ఒక్కటయ్యాయి. ఒకే టాపిక్ మీద రెండు పేర్లు, రెండు ఏళ్లు మిగిలాయి. ఎవరిది ఏదో పోయింది. చూసుకోకుండా ప్రింట్ తీసి అమ్మకు చదివి వినిపించాను. చిన్నాయిన ఏడు ఆమె పేరున ఉంది.

“నేనట్ల అనలే బిడ్డా.”

సాఫ్ట్‌వేర్‌దే తప్పనుకుని, కలపడాన్ని ఆపే కోడ్ రాస్తూ కూర్చున్నాను. నిజానికి సాఫ్ట్‌వేర్ చేసింది సరైనదే. బాపుకు, ఆ బాయికి ఉన్న సంబంధం ఒక్కటే. రీఫైయర్ ఆ సంబంధానికి ప్రతినిధి. నేను దాన్ని సాక్ష్యం అనుకున్నాను. ఎవరి సాక్ష్యం వారిదిగా వేరే టాపిక్ కావాలి, ఏడు దాని మీదే ఉండాలి, అది రీఫైయర్‌తో ఇంకో అసోసియేషన్‌లో కలవాలి. ఇప్పుడు అలాగే ఉంది. చిన్నాయిన చెప్పిన ‘బదిలీ’ అన్న సంగతిని బాపు పాత్రను రీఫై చేసి దానికి తగిలించాను, అది బాయి సంగతి కాదు, బాయిలో ఆయన నిలబడ్డ తీరు గనుక.