గ్రూప్ వన్‌కా, గ్రూప్ టూకా అంకుల్?

దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ పుస్తకాల షాపుకైనా పోయి, సురవరం ప్రతాపరెడ్డి జీవిత చరిత్ర ఉందా బాబూ అని అడిగి చూడండి. ‘గ్రూప్ వన్‌కా, గ్రూప్ టూకా అంకుల్?’ అని ఎదురు ప్రశ్న వస్తుంది. నా నెత్తి మీద నల్ల వెంట్రుక ఒక్కటి లేదు, నేనిప్పుడు ఏ డిప్యూటీ కలెక్టర్ కావాలి? పిల్లాణ్ణి అనీ లాభం లేదు. వాడి షాపులో మహానుభావులందరికీ ఉన్నవి రెండే బీరువాలు. ఒకటి పోటీ పరీక్షలది, రెండోది జీవితంలో పైకి రావడం ఎలా అనేది. ఊరికే చదువుకోవడానికి కొనేవాళ్ళ కోసం మూడోది లేదు.

మా పై అంతస్తులో ఒక కుర్రాడు అద్దెకుంటున్నాడు. రాత్రీ పగలూ కోచింగే. గోల్కొండ కవుల సంచిక అనగానే 1934 అంటాడు, 354 మంది కవులు అంటాడు, తెలంగాణలో కవులే లేరన్న పెద్దమనిషి పేరు కూడా చెప్తాడు. శభాష్ అన్నాను. ఆ పుస్తకం చూశావా నాయనా అంటే, ‘చూడలేదు అంకుల్, అవసరం రాలేదు’ అన్నాడు. ఎవరు లేరన్నారో తెలిసింది, ఎందరున్నారో తెలిసింది, ఆ ఉన్నవాళ్ళలో ఒక్కరి పద్యమూ తెలియదు. కవులే లేరన్న ఆ మాటకు జవాబుగా ప్రతాపరెడ్డి గారు గోల్కొండ పత్రిక నడుపుతూ, ఊరూరి నుంచీ పద్యాలూ వివరాలూ తెప్పించి, ఏ పల్లెలో ఎవరు రాస్తున్నారో పోగుచేసి అచ్చువేశారు. అందులో అన్ని కులాలవాళ్ళూ ఉన్నారు, ఆడవాళ్ళూ ఉన్నారు. అంత చాకిరీ చివరికి నాలుగు ఆప్షన్లలో ఒకటిగా మిగిలింది.

మా రోజుల్లో, అంటే మాకు మా పెద్దలు చెప్పిన రోజులు కూడా కలుపుకుని చెప్తున్నాను, జీవిత చరిత్ర అంటే ఒక మనిషిని పుట్టుక నుంచి చావు దాకా వెంబడించడం. ఇదే హైదరాబాదులో 1906లో కొమర్రాజు లక్ష్మణరావు గారూ మిత్రులూ విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి పెట్టారు. మొదటి పుస్తకం ఏమిటనుకున్నారు? పురాణం కాదు, శతకం కాదు. అబ్రహాం లింకన్ చరిత్ర! రాసినాయన గాడిచర్ల హరిసర్వోత్తమరావు, అచ్చయింది 1907లో. నిజాం రాజ్యంలో, ఉర్దూలో దస్తరాలు నడిచే ఊళ్ళో పుట్టిన తెలుగు సంస్థ, బానిసల సంకెళ్ళు తెంచిన అమెరికా అధ్యక్షుడి కథతో బోణీ చేసింది. మరుసటి సంవత్సరమే హరిసర్వోత్తమరావు గారు బ్రిటిష్ వాళ్ళ మీద స్వరాజ్య పత్రికలో రాసిన రాతకు జైలుకు పోయారు. పుస్తకం రాసినవాడికీ పుస్తకంలోని మనిషికీ అంత దగ్గర చుట్టరికం ఉండేది. లక్ష్మణరావు గారు తాను స్వయంగా శివాజీ చరిత్ర రాశారు. చిలుకూరి వీరభద్రరావు గారి చేత ఆంధ్రుల చరిత్ర రాయించారు.

లక్ష్మణరావు గారి అక్కగారు బండారు అచ్చమాంబ సంగతి మరీ చెప్పుకోవాలి. బడి మొహం చూడని మనిషి. తమ్ముడు చదువుకుంటుంటే పక్కన కూర్చుని నేర్చుకుంది. 1901లో ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ అని స్త్రీల జీవిత చరిత్రల పుస్తకం తెచ్చింది. ఆడవాళ్ళకు చదువెందుకనే కాలంలో, ఆడవాళ్ళు ఏమేం చేశారో చూడండని దేశం నలుమూలల నుంచీ ఏరి తెచ్చి చూపించింది. 1905లో ముప్ఫై దాటీ దాటకుండానే పోయింది. ఇవాళ ఇంటర్నెట్టు చేతిలో పెట్టుకుని, పది పేరాలు అతికించి ‘నూరుగురు మహామహులు’ అని అట్ట వేసేవాళ్ళు ఆ తల్లి పేరు విన్నారో లేదో.

నా వయసులో మాకు దొరికినవి వేరే. ఎమెస్కో వాళ్ళు ‘ఇంటింటా గ్రంథాలయం’ అని పథకం పెట్టి పుస్తకాలు ఇంటికే పంపేవాళ్ళు. ఆరుద్ర సమగ్రాంధ్ర సాహిత్యం సంపుటాలుగా వస్తుంటే, తరవాతిది ఎప్పుడా అని కాచుక్కూచునేవాళ్ళం. కవుల చరిత్రను అంత హుషారుగా చెప్పొచ్చని అప్పుడే తెలిసింది. విశాలాంధ్రలో సోవియట్ పుస్తకాలు కారుచవక, లెనిన్ జీవితం మా టిఫిను ఖర్చుకే వచ్చేది. సాహిత్య అకాడమీ వాళ్ళ సన్నని పుస్తకాలు, ఒక్కో రచయితకు ఒకటి, ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద దొరికేవి. ఆ ఫుట్‌పాత్ ఇప్పటికీ ఉందిలెండి. ఇప్పుడక్కడ స్టీవ్ జాబ్సూ, మన హైదరాబాదు పిల్లాడే సత్య నాదెళ్ళా కుప్పలుగా ఉంటారు. నాదెళ్ళ మీద నాకేం కోపం? చదివేవాళ్ళు ఆయన పడ్డ కష్టం దగ్గర ఆగక, జీతం దగ్గరికి పరుగెడతారని నా గొణుగుడు.

ఇక మా పేట సంగతి. మూసారాంబాగ్‌కు పేరిచ్చిన మనిషి ముసే రేమండ్ అనే ఫ్రెంచివాడు. రెండో నిజాం, నిజాం అలీఖాన్ దగ్గర సేనాని. గన్‌ఫౌండ్రీ అంటామే, ఆ ఫిరంగుల కార్ఖానా ఆయన పెట్టించిందే. 1798లో చనిపోతే అస్మాన్‌గఢ్ గుట్ట మీద సమాధి కట్టారు. హిందువులు మూసారాం అన్నారు, ముస్లింలు మూసారహీం అన్నారు, ఇద్దరూ వచ్చి దండం పెట్టుకునేవాళ్ళు. ఆయన పోయిన ఏడే ఇంగ్లీషు వాళ్ళు నిజాంతో ఒప్పందం చేసుకుని ఆ ఫ్రెంచి పటాలం చేత తుపాకులు కింద పెట్టించారు. హైదరాబాదు తలరాత మారిన సంవత్సరమది. దీన్నంతా జనం విరగబడి చదివేలా చెప్పిందెవరు? స్కాట్లండ్‌లో పుట్టిన విలియం డాల్‌రింపుల్. 2002లో ‘వైట్ మొఘల్స్’ అని ఇంగ్లీషులో రాశాడు. కోఠీ రెసిడెన్సీలో కిర్క్‌పాట్రిక్, ఖైరున్నిసాల కథ. మన గుట్ట మీది మనిషి సంగతి మనం అక్కడి నుంచి తెచ్చుకోవాలి. మా పేట పిల్లల్ని అడిగితే మూసారాంబాగ్ అంటే మెట్రో స్టేషన్, ఆర్టీఏ ఆఫీసు, వానొస్తే మునిగే బ్రిడ్జి.

సినిమాల గురించి ఎంత తక్కువ మాట్లాడితే అంత మంచిది. కొమురం భీం, అల్లూరి సీతారామరాజు భుజం భుజం కలిపి గంతులేసింది చూశాక, మా మనవరాలు వాళ్ళిద్దరూ క్లాస్‌మేట్లా అని అడిగింది. అల్లూరి పోయింది 1924లో, భీం జోడేఘాట్‌లో నేలకొరిగింది 1940లో. సాహు, అల్లం రాజయ్య కలిసి భీం మీద రాసింది నవలే అయినా, గోండు గూడేల్లో తిరిగి రాసిన నవల. అది చేతికిచ్చాను. ‘పీడీఎఫ్ లేదా తాతా’ అంది.

ఇంకో రోగం ఫ్లెక్సీలు. జయంతి వచ్చినా వర్ధంతి వచ్చినా చౌరస్తాలో మహానుభావుడి బొమ్మ గోరంత, కట్టించినాయన బొమ్మ కొండంత. పైగా ఒక్కో మహనీయుడికీ ఒక్కో కులం తాళం వేసుకుంది. పక్కవాళ్ళు దండ వేసినా అనుమానమే. ఇట్లాంటి చోట నిజమైన జీవిత చరిత్ర ఎవడు రాస్తాడు? ఆయన ఫలానా చోట తప్పు చేశాడని ఒక్క వాక్యం రాస్తే ధర్నా.

మా కాలంలో అంతా సత్యసంధులే అని నేననను. మా పుస్తకాల్లోనూ పెద్దమనుషులు పుట్టగానే సత్యం పలికేవాళ్ళు, భార్యల పేర్లు ఎక్కడా ఉండేవి కావు. కానీ కందుకూరి వీరేశలింగం గారు తన స్వీయ చరిత్రలో తన తగవులన్నీ తానే రాసుకున్నారు. ఆ దమ్ము చాలామందికి లేదు, అప్పుడూ ఇప్పుడూ. 1986లో వచ్చిన ‘మనకు తెలియని మన చరిత్ర’ చూడండి. స్త్రీశక్తి సంఘటన వాళ్ళు తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ళ దగ్గర కూర్చుని, వాళ్ళ నోటితోనే చెప్పించారు. తుపాకీ పట్టిన రోజులూ చెప్పారు, పోరాటం ఆగాక ఇళ్ళకు పొమ్మంటే పడ్డ బాధా చెప్పారు. ఆ పోరాటంలోని చాకలి ఐలమ్మ పేరు ఇప్పుడు కోఠీ మహిళా విశ్వవిద్యాలయానికి పెట్టారు, సంతోషం. అందులో చదివే పిల్లల్లో ఎంతమంది ఈ పుస్తకం తెరిచారో ఎవరైనా అడిగితే బాగుండు. ప్రశ్నపత్రంలో కాదు, మామూలుగా.

గ్రూప్స్ రాసే పిల్లలకు ఒక మాట. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం స్థాపన 1901 అని మీకు నోటికి వచ్చు. అది ఒక జవాబే కాదు, సుల్తాన్ బజార్‌లో నిలబడి ఉన్న గ్రంథాలయం కూడా. మూసారాంబాగ్‌లో మెట్రో ఎక్కితే నాలుగో స్టేషన్ ఉస్మానియా మెడికల్ కాలేజీ, అక్కడి నుంచి నడిచిపోవచ్చు. పరీక్ష అయిపోయిన మర్నాడు ఒకసారి లోపలికి పోయి రండి.