దయచేసి తృప్తి పడండి

డబ్బులు కట్టేస్తే కొనుగోలుదారుడి పని అయిపోయేది ఒకప్పుడు. ఇప్పుడలా కుదరదు. కొన్నాక తృప్తి పడాలి, పడినట్టు చెప్పాలి, అదీ అంకెల్లో చెప్పాలి. చెప్పకపోతే ఎక్కడో ఎవరి జీతంలోనో కోత పడుతుంది. ఆ ఉసురు మనకు తగులుతుంది.

నమ్మకం లేకపోతే ఒకసారి కారు సర్వీసింగుకిచ్చి చూడండి. ఎడమవైపు ముందు చక్రం దగ్గర టకటకమని శబ్దం వస్తోందని పొద్దున చెప్తారు. సర్వీస్ అడ్వైజర్ కుర్రాడు జాబ్ కార్డులో బుద్ధిగా రాసుకుంటాడు. సాయంత్రం బండి తళతళలాడుతూ బయటికొస్తుంది. డ్యాష్‌బోర్డుకు పాలిష్ పట్టించి ఉంటుంది, కాళ్ల కింద కొత్త కాగితం పరిచి ఉంటుంది, మీరు అడగని ఏసీ క్లీనింగ్ ఒకటి బిల్లులో చేరి ఉంటుంది. టకటక మాత్రం ఎక్కడిదక్కడే. ఆ మాట ఎత్తబోయేలోపు కుర్రాడే అందుకుంటాడు.

“సార్, రెండు మూడు రోజుల్లో కంపెనీ నుంచి ఫోనొస్తుంది. పదికి ఎంత ఇస్తారని అడుగుతారు. పది అని చెప్పండి సార్. తొమ్మిదన్నా మా మేనేజర్ ఊరుకోడు.”

“మరి ఆ శబ్దం?”

“నాలుగు రోజులు తిరిగితే అదే సర్దుకుంటుంది సార్. పది మాత్రం మర్చిపోవద్దు.”

కంపెనీ ఫోను కంటే ముందు షోరూం ఫోను వస్తుంది. ఇది రిహార్సల్. ఇక్కడ ఎనిమిదన్నారో, ఒకరి తర్వాత ఒకరు ఫోన్ చేసి ‘ఏం తక్కువైంది సార్’ అని బతిమాలతారు. ఏం తక్కువైందో చెబితే రాసుకునేవాడు ఉండడు. వాళ్లకు కావాల్సింది కారణం కాదు, మిగతా రెండు మార్కులు. అసలు పరీక్ష నాటికి మీరు పాఠం అప్పజెప్పే స్థితికి వచ్చేస్తారు. ‘పది’ అంటారు. అవతల అమ్మాయి ‘థాంక్యూ సార్’ అంటుంది. ఏదో ఊళ్లో, ఏదో గ్రాఫులో ఓ గీత పైకి లేస్తుంది. మీ చక్రం మీ చక్రమే.

ఈ పదికి పది జబ్బుకు ఒక మూలపురుషుడున్నాడు. పేరు ఫ్రెడ్ రైకెల్డ్, బెయిన్ అనే అమెరికన్ సలహాల కంపెనీ మనిషి. వంద ప్రశ్నల సర్వేలు దండగ, ఒక్క ప్రశ్న చాలు అని 2003 డిసెంబరులో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో రాశాడు. మా గురించి మీ స్నేహితులకు చెబుతారా, సున్నా నుంచి పది లోపు ఒక అంకె వేయండి. అంతే. తొమ్మిది, పది వేసినవాళ్లు ప్రచారకులు. ఏడు, ఎనిమిది వేసినవాళ్లు లెక్కలోకి రారు. ఆరు, అంతకు తక్కువ వేసినవాళ్లు నిందకులు. ప్రచారకుల శాతంలోంచి నిందకుల శాతం తీసేస్తే వచ్చేది నెట్ ప్రమోటర్ స్కోరు. ఆ ముక్క దొరకగానే కంపెనీల పెద్దలకు ప్రాణం లేచొచ్చింది. వినియోగదారుడి మనసంతా ఒక్క అంకెలో పట్టేసింది మరి. చదవక్కర్లేదు, వినక్కర్లేదు.

అరవై శాతం వస్తే ఫస్ట్ క్లాసని పేటంతా స్వీట్లు పంచిన జాతి మనది. రైకెల్డ్ లెక్కలో అరవై వేసినవాడు శత్రువు. పెళ్లి భోజనం పీకలదాకా తిని, పూర్ణాలు మరోసారి వేయించుకుని, చెయ్యి కడుక్కుంటూ ‘పర్లేదు, పులుసులో ఉప్పే కాస్త తగ్గింది’ అనేవాళ్లం. పెట్టినవాళ్లు కూడా దాన్ని పొగడ్తగానే తీసుకుంటారు. అలాంటివాణ్ని ఫోన్‌లో పట్టుకుని పదిలో ఎంతంటే, ఎంత మురిసిపోయినా ఏడు దాటడు. వాడి ఏడుకి విలువ లేదని వాడికెవరూ చెప్పరు.

అంకెను మొక్కితే ఏమవుతుందో అమెరికాలో వెల్స్ ఫార్గో బ్యాంకు చూపించింది. ఖాతాదారుతో బంధం గట్టిపడాలంటే ఒక్కో కుటుంబానికి ఎనిమిది ఖాతాలో, కార్డులో, అప్పులో అంటగట్టాలని లక్ష్యం పెట్టారు. ఎనిమిదే ఎందుకయ్యా అంటే, ఇంగ్లీషులో ‘ఎయిట్’కి ‘గ్రేట్’తో ప్రాస కుదిరింది కాబట్టి! ప్రాస కోసం పద్యాలు పాడైపోవడం మనమెరుగుదుం, బ్యాంకు పాడైపోవడం అక్కడే చూశాం. లక్ష్యం అందని ఉద్యోగులు జనానికి తెలియకుండా జనం పేరు మీదే ఖాతాలు తెరిచారు, మొదటి అంచనా ప్రకారమే సుమారు 20 లక్షలు. 2016 సెప్టెంబరులో 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడింది. అప్పటికే 5,300 మందిని ఉద్యోగాల్లోంచి తీసేశారు. ఎక్కువమంది కౌంటర్లలో కూర్చునే చిన్న జీతగాళ్లు. ప్రాస కుదిర్చిన పెద్దమనుషులు వాళ్లలో లేరని వేరే చెప్పాలా?

రైకెల్డ్‌కీ చివరికి తత్వం బోధపడింది. కంపెనీలు ఎవరికి తోచినట్టు వాళ్లు స్కోర్లు ప్రకటించుకుని తన కొలమానాన్ని భ్రష్టు పట్టించాయని 2021లో అదే పత్రికలో వాపోయాడు. అప్పటికి మన షోరూం కుర్రాడి ఇన్సెంటివ్ దానికి ముడిపడి చాలాకాలమైంది. ఎవరూ విప్పలేదు.

ఈ ఏర్పాటులో ఉన్న తెలివి మెచ్చుకోదగ్గది. సర్వీసింగుకు ఎంతమంది మెకానిక్కులను పెట్టాలో, ఒక్కో బండికి ఎంతసేపు ఇవ్వాలో, ఏ విడిభాగం స్టాకులో ఉంచాలో ఆ కుర్రాడు నిర్ణయించడు. అవి నిర్ణయించేవాడు మీకు కనిపించడు. కనిపించేది నీలం చొక్కా, మెడలో ట్యాగు, బతిమాలే కళ్లు. మీరు నిజం చెబితే దెబ్బ తగిలేది ఆ కళ్లకే. కాబట్టి మీరు అబద్ధం చెబుతారు, మంచివాళ్లు కనుక. మీ మంచితనం మీద కంపెనీ తన వార్షిక నివేదికలో ఒక పేజీ రాసుకుంటుంది. ఫిర్యాదును అణచాలంటే నోరు నొక్కనక్కర్లేదు, దాని ఖర్చు ఒక పేదవాడి నెత్తిన పెడితే చాలు.

బ్యాంకుల గోడల మీద గాంధీ గారి బొమ్మతో ఒక బోర్డు చూసే ఉంటారు. వినియోగదారుడే మన గడపకొచ్చే అతి ముఖ్యమైన అతిథి, ఆయన మన మీద కాదు మనమే ఆయన మీద ఆధారపడ్డాం అని. గాంధీ ఆ మాటలన్నట్టు ఆయన రచనల్లో ఆధారం లేదు. మూలం వెతికినవాళ్లకు అది దొరికింది 1941 నాటి అమెరికాలో, స్టూడ్‌బేకర్ అనే కార్ల కంపెనీ అమ్మకాల అధికారి నోట. కారమ్ముకునేవాడి మాటకు మహాత్ముడి బొమ్మ తగిలించి, దాని కిందే ‘సర్వర్ డౌన్’ అని చేత్తో రాసిన కాగితం అంటించడం మన సొంత కృషి.

ఇక సెల్‌ఫోన్ సంగతి. మందులు తెప్పించుకున్నా, ఆటో ఎక్కినా, గ్యాస్ బుక్ చేసినా నక్షత్రాలు అడుగుతారు. ‘ఇప్పుడు కాదు’ అన్న మీట ఉంటుంది గానీ ‘ఎప్పటికీ వద్దు’ అన్నది వెతికినా దొరకదు. 2023 నవంబరు 30న కేంద్రం ఆన్‌లైన్ వ్యాపారాల మాయదారి పద్ధతులు 13 రకాలని గుర్తించి నిషేధించింది. వాటిలో నస పెట్టడం కూడా ఉంది. చట్టం మన గోడు అంత దగ్గరగా విన్న సందర్భాలు అరుదు. ఆ సంగతి మాత్రం ఏ యాపూ మనకు నోటిఫికేషన్‌గా పంపలేదు.

కుర్రాడికి పది ఇచ్చేయండి, వాడి పొట్ట కొట్టకండి. చక్రం గోల వేరే చోట చెప్పుకోవచ్చు. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల రూపాయల లోపు వ్యవహారానికి ఫీజు కూడా లేదు. బిల్లూ, జాబ్ కార్డూ జాగ్రత్తగా దాచుకోండి, కుర్రాడు బుద్ధిగా రాసుకున్న ‘ఎడమ చక్రం శబ్దం’ అక్కడ పనికొస్తుంది. నోటీసు వెళ్లేది వాడి పేరు మీద కాదు, డీలరు పేరు మీద, కంపెనీ పేరు మీద.