చట్నీ మిగిలింది, ఇంకో పూరీ చెప్పండి

పూరీ, చట్నీ రెండూ ఒకేసారి అయిపోయిన మనిషి నర్సీపట్నంలో ఇంతవరకు పుట్టలేదు. పూరీ అయిపోయేసరికి ప్లేట్లో చట్నీ మిగులుతుంది. పారేస్తే పాపమని ఇంకో పూరీ చెబుతాం. అది సగంలో ఉండగానే చట్నీ నిండుకుంటుంది. "బాబూ, కాస్త సెట్నీ ఎయ్యు" అంటాం. కుర్రాడు బకెట్టుతో వచ్చి ధారాళంగా పోసేస్తాడు. మళ్ళీ చట్నీ మిగులుతుంది. చట్నీ ఊరికే పోస్తున్నాడని మనం మురిసిపోతాం గానీ, ఆ గరిటె కొలత వెనకున్న లెక్క ఏ ఆడిటరుకీ అంతుపట్టదు.

చట్నీ అంటే బొంబాయి చట్నీయే. ఉల్లిపాయ, పచ్చిమిర్చి, అల్లం వేసిన తాలింపులో శనగపిండి నీళ్ళు పోసి ఉడికించేది. చల్లారే కొద్దీ గట్టిపడటం దీని దుర్గుణం. ఏడింటికి ప్లేటంతా పారిన చట్నీ తొమ్మిదింటికి గరిటెను వదిలి రానంటుంది. బంగాళాదుంప కూర వేసే హోటళ్ళూ ఉన్నాయి. రెండూ కలిపి వేయించుకునేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ జోలికి నేను పోను, సుఖపడటం తెలిసినవాళ్ళు.

ఈ శనగపిండికి పూరీతో పాత తగాదా ఉంది. 12వ శతాబ్దంలో కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు కూర్చిన 'మానసోల్లాసం'లో పూరిక అనే వంటకం కనిపిస్తుంది. అది శనగపిండిలో ఇంగువ, మిరియాలు కలిపి నూనెలో వేయించేది. తరవాతెప్పుడో గోధుమపిండి వచ్చి శనగపిండిని పూరీలోంచి గెంటేసింది. అదేమన్నా ఊరుకుందా? పక్కనే చట్నీగా కాపురం పెట్టి, ఇవాళ్టికీ తన వాటా తను వసూలు చేసుకుంటోంది.

ఇక పొంగడం సంగతి. బటూరాకి పిండి పులవాలి. పూరీకి ఆ తతంగమేమీ లేదు. పిండి గట్టిగా కలిపి, మరీ పల్చగా కాకుండా ఒత్తి, బాగా కాగిన నూనెలో వేస్తే చాలు. పైపొర చటుక్కున బిగుసుకుంటుంది, లోపలి తడి ఆవిరవుతుంది. నీరు ఆవిరైతే దాదాపు 1,600 రెట్లు చోటు కావాలంటుంది. బయటికి దారి లేక పూరీని బుట్టలా లేపుతుంది. వంటమనిషి చిల్లుల గరిటెతో మెల్లగా అదమడం ఎందుకంటే, పైభాగం కూడా నూనెలో మునిగి ఆ పొర త్వరగా బిగుసుకోవాలని. నూనె చాలినంత కాగకపోతే పూరీ పొంగదు, నూనె తాగి పడుకుంటుంది. అలాంటిది ప్లేట్లో పడితే మన మొహం కూడా అలాగే అవుతుంది. డబ్బిచ్చేది పిండికే అయినా, చూసుకునేది గాలినే.

అంత ముచ్చటపడి తెప్పించుకున్న గాలిని మొదట ఏం చేస్తాం? వేలు పెట్టి పొడుస్తాం. దర్శకుడు పూరి జగన్నాథ్‌ది ఈ పక్క పల్లెటూరే. ఆయన సినిమా పంచ్ పడిన కొద్దీ లేస్తుంది, పూరీ ఒక్క పంచ్‌కే చతికిలబడుతుంది. లోపలి ఆవిరి వేలికి చురుక్కుమని తగులుతుంది. ఆ వేలు ఊదుకుంటూనే రెండోది కూడా పొడుస్తాం. పిల్లలైతే చిల్లు పెట్టి అందులో పంచదార పోస్తారు. అదీ ఒక పద్ధతే. పెద్దవాళ్ళకి పరువు అడ్డం గానీ, బాగానే ఉంటుంది.

పొడవకుండా మర్యాదగా ఎదురుచూసేవాళ్ళకి దక్కేదేమీ లేదు. ఫోనులో ఫొటో తీసి, నాలుగు గ్రూపుల్లో పెట్టి తల ఎత్తేసరికి పూరీ తనంతట తనే ముడతలు పడి ఉంటుంది. "సల్లారిపోతాది, తినీండి బాబూ" అని హోటలాయన కౌంటర్లోంచి కేకేసేది అందుకే.

పార్సిలంటే నాకు ఒళ్ళు మంట. వేడి పూరీల్ని ఒకదాని మీద ఒకటి పేర్చి మూట కడితే, పొంగించిన ఆవిరే వాటిని నానబెడుతుంది. ఇంటికెళ్ళి విప్పితే అంచులు పట్టుకుని విడదీయాల్సిన తడి గుడ్డలు.

కాబట్టి డిసెంబరులో లంబసింగి మంచు చూడటానికి మా ఊరి మీదుగా వెళ్ళేవాళ్ళకో మనవి. చీకట్లో వెళ్తారు గనక పోయేటప్పుడు పూరీ దొరకదు. దిగి వచ్చేటప్పుడు కారు పక్కన ఆపి, హోటల్లో బల్ల ముందు కూర్చుని తినండి. పార్సిల్ కట్టించుకోకండి. చట్నీ మళ్ళీ అడగడానికి మొహమాటపడకండి, దాని ఖరీదు రాబోయే పూరీలో ఎలాగూ ఉంది.