మేటకూ కోతకూ ఒకటే పేరా?

మా రోజుల్లో వాన వెలిసినంక పొలం చూసొచ్చిన మనిషిని ఏమైందని అడిగితే ఒక్క మాటతో సంగతంతా తెలిసిపోయేది. చేను వాలిందంటే గాలికి పడ్డది, ఎంతో కొంత చేతికొస్తుంది. మునిగిందంటే నీళ్లు తీస్తే బతికే ఆశుంది. కొట్టుకపోయిందంటే పైరు లేదు, నేలుంది. కోత పెట్టిందంటే ఆ నేలే లేదు. మేటేసిందంటే నేల ఇసుక కిందుంది. ఇప్పటి పిల్లలను అడగండి. "మొత్తం డ్యామేజ్ తాతా, అంతా వాషౌట్!" ఏం పోయిందిరా, పైరా, మన్నా, గట్టా అంటే జవాబుండదు.

చెరువు కట్ట సంగతీ అంతే. బుంగ పడ్డదంటే ఊరు ఊరంతా తట్టా పారా పట్టుకుని ఉరికేది. గండి పడ్డదంటే కింది పొలాల వాళ్లు ముందు పశువుల పలుపులు విప్పేవాళ్లు. ఏ మాట వినబడితే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పాల్సిన పని లేకుండె. ఇప్పుడు ఫోన్లో "కట్ట డ్యామేజ్ అయింది" అని పెడితే పార పట్టుకోవాల్నా, పశువులను విప్పాల్నా?

2023 జులై 27 తెల్లవారుజామున మోరంచవాగు మా జిల్లాలోని మోరంచపల్లిని ముంచేసింది. జనం ఇళ్ల కప్పులెక్కి ప్రాణాలు కాపాడుకున్నారు. హెలికాప్టర్లు రావాల్సొచ్చింది. మా మొగుళ్లపల్లికి పక్క మండలమైన చిట్యాలలో ఒక్క రోజులో 616.5 మిల్లీమీటర్ల వాన దంచింది. అట్లాంటి వరద తీసినంక వాగు వెంట నడిచి చూడాలి. వాగు మలుపు తిరిగే చోట బయటి ఒడ్డును కోస్తుంది, లోపలి ఒడ్డున మేటేస్తుంది. ఒక మడిలో మోకాలి లోతు ఇసుక, అందులోంచి వేలెడంత బయటికి పత్తి మొక్కల కొసలు. అవతలి ఒడ్డున గట్టుతో సహా మన్ను పోయి రాళ్లు తేలి ఉంటాయి. ఒకే వాగు ఒకే రాత్రి చేసిన పని, రెండు పొలాలకు రెండు గతులు.

విపత్తు సాయం నిబంధనలు కూడా ఈ తేడా చూస్తాయి. పంట 33 శాతం, ఆపైన పోతే ఒక సాయం. పొలంలో 3 అంగుళాలకు మించి ఇసుక మేటేస్తే, దాన్ని ఎత్తిపోయడానికి ఇంకో సాయం. ఏరు దారి మార్చి భూమే పోతే అది వేరే పద్దు. మేటేసిన రైతు తరఫున ఎవరో కుర్రాడు అర్జీలో ‘క్రాప్ డ్యామేజ్’ అని రెండు ముక్కలు రాసిస్తే, ఇసుక ఎత్తే ఖర్చు ఎవరి నెత్తిన పడుతుంది? నా కడుపుమంట ఇక్కడే.

అదే పిల్లలు పోటీ పరీక్షల కోసం ఎరాడికేట్, డెమాలిష్, ఆబ్లిటరేట్, అనిహిలేట్ అని రాత్రింబవళ్లు వల్లె వేస్తారు. చదవాల్సిందే, కొలువు కావాలి కదా. కానీ అవి కూడా ఒక్క తీరువి కావు. ఎరాడికేట్ అంటే వేరుతో పెరకడం, డెమాలిష్ అంటే కట్టినదాన్ని కూల్చడం. అన్నిటికీ ‘నాశనం’ అని ఒకటే అర్థం రాసి బట్టీ పట్టిస్తే ఇంగ్లిషూ రాదు, తెలుగూ మిగలదు.

మాట బరువు సర్కారుకూ ఎరుకే. 1953లో మలేరియా ‘నియంత్రణ’ కార్యక్రమం పెట్టారు, 1958లో దాని పేరు ‘నిర్మూలన’గా మార్చారు. 1976 నాటికి దేశంలో కేసులు మళ్లీ 60 లక్షలు దాటాయి. మశూచి మాత్రం నిజంగానే సమూలంగా పోయింది, 1980లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ మాట ప్రకటించింది. ఇప్పుడు మందు ఒకసారి పొగబెట్టి ‘దోమల నిర్మూలన’ అని ఫ్లెక్సీ కడుతున్నారు!

భద్రిరాజు కృష్ణమూర్తి గారు 1962లో మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం తెచ్చారు, అంతా వ్యవసాయ పదాలే. జిల్లా జిల్లాకూ మనుషులను పంపి, రైతుల నోటి నుంచి ఏరించిన మాటలవి. ఆ పని మా మండలంలో బడిపిల్లలతో చేయించడానికి ఏం అడ్డం? వచ్చే వానాకాలంలో ఒక ఆదివారం తెలుగు సార్లు పిల్లలను చెరువు కట్ట మీదికి, వాగు ఒడ్డుకు తీసుకపోవాలి. వ్యవసాయ విస్తరణ అధికారిని కూడా పిలవాలి. మేట ఏదో, కోత ఏదో, బుంగ ఎట్లుంటదో చూపించాలి. ఆ తర్వాత అర్జీ ఎట్లా రాయాలో అక్కడే, గట్టు మీదనే కూర్చోబెట్టి రాయించాలి.