ఎస్‌ఆర్0 అనే నేను

లైనక్స్ నన్ను ఎస్‌ఆర్0 అని పిలుస్తుంది. విజయనగరంలో ఓ ఇంటి కంప్యూటర్లో ఉన్న డీవీడీ డ్రైవ్‌ని. 650 నానోమీటర్ల ఎర్ర లేజర్ వెలుగులో, డిస్కు నడిమి నుంచి అంచు దాకా చుట్టలు చుట్టలుగా సాగే దారిని చదువుకుంటూ పోతాను. వరుసకీ వరుసకీ ఎడం 0.74 మైక్రాన్. అంటే వెంట్రుక మందంలో వంద దాకా వరుసలు పడతాయి. డిస్కు ఏ కొంచెం ఊగినా నా కటకం దానితోపాటే పైకీ కిందికీ కదలాలి. ఇంత సున్నితమైన పని గనక, ఎక్కడ తప్పు జరిగినా అందరి చూపూ ముందు నా మీదే పడుతుంది.

ఆ ఇంటి తాతగారు హరిదాసు. 2009లో గుడిలో ఆయన చెప్పిన రుక్మిణీ కల్యాణం ఆరు డీవీడీల్లో ఉంది. గొంతు పాడయ్యాక ఆయన మళ్లీ చిడతలు పట్టలేదు. ఆ డీవీడీలని హార్డ్ డిస్కులోకి ఎక్కిద్దామని మనవరాలు కూర్చుంది. మొదటిది ఎక్కింది. రెండోది సగంలో ఎర్రర్ ఇచ్చి ఆగిపోయింది. మర్నాడు పొద్దున అదే డిస్కుని చివరిదాకా చదివేశాను. సాయంత్రానికి, ముందురోజు బాగా నడిచిన మొదటి డిస్కు మొరాయించింది.

అసలే పనిచేయకపోతే తేలిక. ఉండుండి తప్పేదే ప్రాణం తీస్తుంది. నిజంగా బాగయిందో, ఆ పూటకి ఊరుకుందో ఎలా తెలుస్తుంది?

ఆమె డిస్కుని మెత్తటి గుడ్డతో, గుండ్రంగా తిప్పకుండా నడిమి నుంచి అంచుకి తుడిచింది. అలా తుడిచేవాళ్లంటే నాకు గౌరవం. అడ్డంగా పడ్డ సన్నగీతని తప్పులు దిద్దే లెక్కతో దాటేయగలను. దారి వెంబడే పడ్డ గీత వరసగా ఉన్న సమాచారాన్నంతా మింగేస్తుంది.

"డ్రైవ్ పోయిందమ్మా, కొత్తది కొనుక్కోండి" అన్నాడు పక్కింటాయన.

"పోనీలే అమ్మడూ, అవస్థ పడకు" అన్నారు తాతగారు.

"నాలుగు రోజులు ఆగు తాతయ్యా" అని ఆమె నోటుబుక్కు తెరిచింది. ఎర్రర్ వచ్చినప్పుడల్లా ఏ డిస్కు, ఏ సెక్టార్, ఏ వేళ అన్నది రాసుకుంది. ఒకే డిస్కులో సెక్టార్ నంబరు ప్రతిసారీ మారిపోతోంది. గీతైతే ఉన్నచోటే ఉండాలి కదా! అప్పుడు కెర్నెల్ లాగ్ తెరిచింది. నేను చదవలేకపోతే దాచను, అక్కడ 'మీడియం ఎర్రర్' అని పడుతుంది. అది లేదు. 'బ్యాడ్‌సీఆర్‌సీ' ఉంది, దాని కింద 'హార్డ్ రీసెట్టింగ్ లింక్' ఉంది. నేను పంపే ప్రతి కట్టతోనూ సరిచూసుకునే అంకె ఒకటి వెళ్తుంది. అవతల లెక్క కుదరలేదంటే దారిలో చెడినట్టే. నేను సరిగ్గానే చదివాను. అది మదర్‌బోర్డుకి చేరలేదు, అంతే.

పక్క మూత తీసింది. ఎర్రటి సాటా కేబుల్ నా వెనక ప్లగ్గు దగ్గరే మడత పడి ఉంది. మూత బిగిస్తే దాన్ని నొక్కుతోంది. ఇల్లు తుడిచేటప్పుడు కంప్యూటర్‌ని అటూ ఇటూ జరిపితే ఒకపూట పట్టు దొరికేది, ఒకపూట వదిలేది. కాపీ నడుస్తుండగా లాగ్‌ని తెర మీద కదలనిచ్చి, వేలితో ప్లగ్గుని మెల్లగా నొక్కింది. అదే వరుస మళ్లీ పడింది. అప్పుడు ఆమె నవ్విన నవ్వు నాకు వినబడింది.

క్లిప్పున్న కొత్త కేబుల్ వేసి, మడత పడకుండా వదులుగా తిప్పింది. అయిదు డిస్కులు ఒక్క తప్పూ లేకుండా ఎక్కాయి.

ఆరోది వేరు. ఎన్నిసార్లు పెట్టినా ఒకేచోట 'మీడియం ఎర్రర్'. ఆ గీత నిజమైనదే. డీడీరెస్క్యూ పెట్టింది. అది ముందు బాగున్నదంతా తీసుకుని, రానివి ఓ మ్యాప్ ఫైల్లో గుర్తుపెట్టి, మళ్లీ వాటి కోసమే వస్తుంది. తొమ్మిది సెక్టార్లు మిగిలాయి, ఒక్కోటీ 2048 బైట్లు. వేగం తగ్గించి తిప్పితే ఆరు చేతికొచ్చాయి.

ఇంకా మూడున్నాయి. తాతగారు కుర్చీ దగ్గరికి లాక్కుని, నా ట్రే మూసుకోవడం చూస్తున్నారు.